రెండు కరెంటు ఫ్యాన్లూ, ఒక ముందు సీటూ

చల్లగాలి మీద కుళ్లుకున్న మనిషిని మీరు చూసి ఉండరు. నేను కుళ్లుకున్నాను. ఒమాన్‌లో ఒక డీజిల్ పికప్ ముందు సీట్లో కూర్చున్న ఇంకో ఆడమనిషి మొహానికి తగిలిన గాలి మీద. తొంభైల మొదట్లో మాట ఇది. నాకు అక్షరాలు జుట్టు నెరిశాక వచ్చాయి కాబట్టి రాయడం ఇప్పటికి కుదిరింది. కుళ్లు మాత్రం అప్పటిదే, ఇంకా పచ్చిగానే ఉంది. వంటపనికి గల్ఫ్‌కు పోదామనుకునే ఆడపిల్లలకు వీసా గురించి, జీతం గురించి చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. సీటు గురించి చెప్పేవాళ్లు దొరకరు. అందుకే నేను చెప్తున్నాను.

నేను మస్కట్ పక్కన మబేలాలో ఒక ఒమానీ ఇల్లాలి దగ్గర వంటమనిషిని. అక్కడ ఇంటి యజమానురాలిని పనివాళ్లందరం మామా అనే పిలుస్తాం. మా మామా ఇంటి పెరట్లో పెద్ద వంటశాల పెట్టి పెళ్లిళ్లకు భోజనాలు చేయించి పంపేది. మేకమాంసం అన్నంతో కలిపి వండే దేగిసాలు ఒక్కొక్కటి ఇద్దరు మోస్తే గాని కదలవు. అక్కడి పెళ్లిళ్లలో ఆడవాళ్ల పందిరి వేరు, మగవాళ్ల పందిరి వేరు. ఆడవాళ్ల పందిట్లోకి మగ పురుగు కూడా పోకూడదు. కాబట్టి భోజనం పికప్‌లో ఎక్కించాక, లోపల వడ్డించడానికి మాలో ఒక ఆడమనిషి కూడా ఎక్కాలి. ముందు సీట్లో ఒక్కరికే చోటు. డ్రైవరుకూ మనకూ మధ్య హల్వా పళ్లేలు, ఖావా కాఫీ ఫ్లాస్కులు ఉంటాయి. అవి వెనక పెడితే దుమ్ము.

నేను చేరినప్పటి నుంచి ఆ ఒక్కరూ నేనే.

డ్రైవరు మా కడప జిల్లా సాయిబే, గడ్డం తెల్లబడిన పెద్దాయన. మేమందరం చాచా అనేవాళ్లం. మామా ఆయన్ని తండ్రి లెక్కన నమ్మేది. బండి కూడా చాచా మాదిరే ముసలిది. నిజ్వా రోడ్డు మీద ఫంజా అనే ఊరు దాటాక ఎత్తు మొదలవుతుంది. దేగిసాల బరువుతో బండి ఆ ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ ముందరి ఫ్యాన్ విమానం లేచినట్టు అరిచేది, వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు పాకేది. ఏసీ ఉంది గాని వేస్తే ముల్లు ఇంకా తొందరగా పాకుతుంది. అందుకని చాచా దాన్ని ముట్టేవాడు కాదు. అద్దాలు దించితే వచ్చే గాలి పొయ్యి మీది మూత తీసినప్పుడు మొహానికి కొట్టే ఆవిరి లాంటిది. ముల్లు గీత తాకగానే చాచా బండి పక్కకు తీసేవాడు. నేను దూకి చక్రం కింద రాయి పెట్టి, నీళ్ల డబ్బా దించేదాన్ని. ఇంజన్ కొంచెం చల్లారాక ఆయన గుడ్డతో రేడియేటర్ మూత తిప్పితే నేను పోసేదాన్ని. ఆ తర్వాత మొహం కడుక్కుని, తలగుడ్డ సర్దుకుని పెళ్లిలోకి పోయేదాన్ని. లోపల ఆడవాళ్ల నగలు, ఊదు పొగ, పాటలు. నా చేతిలో గరిటె. నన్ను చూడగానే పిల్లలు పళ్లేలు ఎత్తుకుని వచ్చేవాళ్లు. ఊళ్లో పెళ్లిళ్లలో బంతి చివర కూర్చున్నదాన్ని, ఇక్కడ నేను వస్తేనే బంతి మొదలవుతుంది. అందుకోసం ఎంత సెగైనా నాకు లెక్కలేదు.

కొన్నేళ్లకు మామా ఇంకో వంటామెను తెచ్చింది. గోదావరి వైపు మనిషి. నాకంటే చిన్నది. మాట మెత్తన, నవ్వు మొహం, ఏం చెప్పినా చివర ఒక తీపి తగిలిస్తుంది. నేను వదిన అయిపోయాను. మొదటిసారి నన్ను పికప్ ఎక్కించడానికి వాకిట్లోకి వచ్చి, లోపలికి తొంగిచూసి చెంపలు వాయించుకుంది.

"అమ్మో, ఈ పొయ్యిలో మీరెలా కూచుంటున్నారొదినా? నేనైతే ఫంజా కూడా దాటను. మీకో దండం."

ఆ మాట నాకు ఎంత బాగుందో చెప్పలేను. పొయ్యిలో కూర్చునే ధైర్యం నాకే ఉందని ఇంకో ఆడది ఒప్పుకుంది.

అంతలో ఫ్యాన్ పోయింది. చాచా బానెట్ ఎత్తి, ఆగి ఉన్న ఫ్యాన్‌ను వేలితో తోస్తే అది పిల్లల గిలక మాదిరి ఊరికే తిరిగింది. దాని నడుమ ఉండే క్లచ్‌లో నూనె కారిపోయిందట. ఆ ఫ్యాన్ ఇంజన్‌కు కట్టేసినది. క్లచ్ పట్టు వదిలితే ఇంజన్ ఎంత తిరిగినా రెక్కలు ఒళ్లు దాచుకుంటాయి.

"బాగున్నప్పుడు మాత్రం ఏం చేసిందిలేమ్మా," అన్నాడు చాచా. "ఎత్తు మింద ఇంజన్ మెల్లగా తిరగతాది, ఫ్యానూ మెల్లగా తిరగతాది. గాలి కావాల్సింది అప్పుడే. అవసరానికి రాని అల్లుడు ఇది."

కొత్త క్లచ్ ఎప్పటికి వస్తుందో తెలియదు. మబేలాలో ఒక పాకిస్తానీ ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. ఆ ఫ్యాన్‌ను పీకి పారేసి, గుద్దుకుని పాడైన కార్లలోంచి తీసిన రెండు చిన్న కరెంటు ఫ్యాన్లు పెడదామన్నాడు. అవి బ్యాటరీతో తిరుగుతాయి కాబట్టి ఇంజన్ మెల్లగా పోయినా వాటి జోరు వాటిదే. రేడియేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య అవి పట్టలేదు. అందుకని రేడియేటర్ ముందు వైపు, బండి మూతి మీది జాలీకి సరిగ్గా వెనక, పక్కపక్కన బిగించాడు. చాచా ముందర ఒక స్విచ్చి, దాని మీద ఎర్ర లైటు పెట్టాడు. లైటు వెలిగితే ఫ్యాన్లు తిరుగుతున్నట్టని చెప్పాడు.

చాచా ఖాళీ బండిని ఫంజా ఎత్తు దాకా తోలుకుపోయి వచ్చి దిగాడు. ఆయన మొహం మీద చెమట లేదు. బండి వాకిట్లోకి వచ్చిన చప్పుడు కూడా మాకు వినబడలేదు. విమానం మోత పోయింది. అన్నిటికంటే పెద్ద సంగతి, ఎత్తు మీద కూడా ఏసీ ఆపే పని లేదు. మామా సంతోషపడి చాచాకు కొత్త తలపాగా గుడ్డ ఇచ్చింది. నేను కూడా సంతోషపడ్డాను. ఇన్నాళ్లూ ఉడికినదానికి ఇక నా సీటు చల్లబడిందనుకున్నాను.

తర్వాతి పెళ్లి ఘుబ్రాలో. దేగిసాలు ఎక్కించి, నేను చేతులు కడుక్కుని తలగుడ్డ మార్చుకుని వచ్చేసరికి మామా వాకిట్లో నిలబడి ఉంది. గోదావరామె వైపు వేలు చూపించి, నువ్వు ఎక్కు అంది. నా భుజం మీద చెయ్యి వేసి, వచ్చీరాని హిందీలో నాకు కూడా చెప్పింది. ఇన్నేళ్లు ఎండలో చాలా కష్టపడ్డావు, ఇక నువ్వు ఇంట్లో నీడన ఉండు అని.

తిట్టి ఉంటే ఓర్చుకునేదాన్ని. ప్రేమగా చెప్పింది. ప్రేమగా తీసేసుకున్నదాన్ని తిరిగి అడగడం ఎట్లాగో నాకు ఈరోజుకూ తెలియదు.

సాయంత్రం గోదావరామె దిగింది. కట్టిన తలగుడ్డ కట్టినట్టే ఉంది. కాటుక చెదరలేదు. వంటశాలలో నేను దేగిసా తోముతుంటే పక్కన వచ్చి కూర్చుంది.

"ఎంత హాయిగా ఉందనుకున్నారొదినా. తిన్నగా మొహానికే కొడతాది గాలి. నిజం చెప్పొద్దూ, చలేసింది."

మే నెలలో, ఒమాన్‌లో, చలేసిందట. నా చేతిలో పీచు ఉంది. దేగిసా అడుగు ఆ రోజు మెరిసినట్టు మళ్లీ ఎప్పుడూ మెరవలేదు.

"ఈసారి దుప్పటి ఎత్తుకపోమ్మే," అన్నాను. "జలుబు చేస్తే రసం ఎవురు కాస్తారు నీకు?"

"మీరుండగా నాకేంటొదినా," అంది. నవ్వింది కూడా.

అప్పటి నుంచి ప్రతి పెళ్లికీ ఆమే. నేను వాకిట్లో నిలబడి, బండి చప్పుడు లేకుండా వీధి మలుపు తిరగడం చూసేదాన్ని. దానికి సెగ తెలియదు, చక్రం కింద రాయి పెట్టడం తెలియదు, పొద్దున లేచి చల్లబడిన సీట్లో కూర్చుంది అని నాలో నేనే అనుకునేదాన్ని. నా చూపు చాచా కనిపెట్టాడు.

"ఏమ్మా, అట్లా సూడబాక ఆ ఫ్యాన్ల దిక్కు. కొత్తవి. నీ కంటికి తట్టుకోవు."

"నేను ఫ్యాన్లని సూడలే చాచా."

"తెలుసులే ఎవుర్ని సూస్తాండావో. ఆమి కూడా కొత్తదే."

ఈ మాట గోదావరామె వింది. చాచా నవ్వుతూ అన్నాడు గాని ఆమె నవ్వలేదు. ఆమె నవ్వకపోవడం నేను మొదటిసారి చూశాను.

నిజ్వా పెళ్లి వచ్చింది. మామా సొంత చుట్టాలది, చాలా పెద్దది. ఆడవాళ్ల పందిట్లో వడ్డించడానికి ఒకరు, వెనక దేగిసాల్లోంచి తీసి అందించడానికి ఒకరు కావాలి కాబట్టి ఇద్దరినీ రమ్మంది. మామా పొద్దున్నే కార్లో పిల్లలతో ముందు పోయింది. మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యేసరికి భోజనం అక్కడ దిగాలని చాచాకు గట్టిగా చెప్పింది. అది తప్పితే ఆమె పరువు అన్నదమ్ముల ముందర పోతుంది. గోదావరామె ముందు ఎక్కింది. నన్ను వెనక, దేగిసాల మధ్య, తాడు పట్టుకుని కూర్చోమన్నారు. పైన టార్పాలిన్ కట్టారు. వెనక అద్దంలోంచి ఆమె తల కనిపిస్తోంది. ఏసీ గాలికి తలగుడ్డ కొస రెపరెపలాడుతోంది. దారంతా ఆ కొసనే చూశాను. కొండలు ఉన్నాయో లేదో నాకు తెలియదు.

ఎత్తు మొదలైన కాసేపటికి వాసన వచ్చింది. కాగుతున్న రేడియేటర్ నీళ్లకు ఒక తియ్యటి వాసన ఉంటుంది. అన్నేళ్లు ఆ సీట్లో కూర్చున్నదాన్ని, నాకు తెలుసు. అద్దం మీద కొట్టాను. చాచా ముల్లు అప్పుడే చూసినట్టున్నాడు, బండి పక్కకు తీశాడు. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. అలవాటు కొద్దీ నేను దూకి చక్రం కింద రాయి పెట్టాను.

"లైటు ఎలగతానే ఉండాదే," అంటున్నాడు చాచా. స్విచ్చి మీద ఎర్ర లైటు నిజంగానే వెలుగుతోంది. ఫ్యాన్లు మాత్రం రెండూ ఆగిపోయి ఉన్నాయి. ఆ లైటు స్విచ్చి దాకా కరెంటు వచ్చిందని చెప్తుంది గాని రెక్క తిరిగిందని చెప్పదు. పాత ఫ్యాన్ అయితే మోత ఆగితే చెవికే తెలిసేది. ఇది బతికినా మౌనమే, చచ్చినా మౌనమే. చాచా జాలీ సందులోకి వేళ్లు పెట్టి ఏదో లాగాడు. నల్లదారం. దారానికి నలిగిపోయిన నిమ్మకాయ, నాలుగైదు పచ్చిమిరపకాయలు. మిగిలిన దారం ఒక ఫ్యాన్ ఇరుసుకు చుట్టుకుని, రెక్క బిగిసిపోయి, మోటారు కాలి కంపు కొడుతోంది. దాంతో రెండింటికీ కలిపి ఉన్న ఒక్క ఫ్యూజూ పోయింది.

చాచా దారాన్ని రెండు వేళ్లతో ఎత్తి మా ఇద్దరి ముందు పట్టుకున్నాడు.

"ఎవురమ్మా ఇది కట్టింది?"

నేను కాదు. కాబట్టి ఇంక ఎవరో అడగనక్కర్లేదు.

"బండికి దిష్టి తగలకూడదని కట్టేను చాచా," అంది గోదావరామె. "మా ఊళ్లో లారీలన్నిటికీ కడతారు. బయటికి కడితే మామా చూసి మంత్రాలనుకుంటాదని జాలీ లోపలికి కట్టేను."

నిజమే. అక్కడ అట్లాంటిది కనబడితే చేతబడి అంటారు, పని పోయి ఊరికి పంపేస్తారు. అందుకని దాచింది. పాత ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉండేది, అప్పట్లో జాలీ లోపల నిమ్మకాయ కట్టినా ఏమీ కాదు. ఇప్పుడు జాలీ వెనకనే రెండు రెక్కలు గిర్రున తిరుగుతున్నాయన్నది ఆమెకు తట్టలేదు. ఆమె ఎప్పుడైనా బానెట్ లోపల చూస్తే కదా. చల్లగాలి వస్తే కూర్చుంది, అంతే.

"ఎవురి దిష్టి తగలతాదని కట్టినావమ్మే?" అని అడిగాను.

ఆమె నా వైపు తిరిగింది. మాటలో తీపి లేదు.

"మీదే. మీ కంటికే కట్టేను. నేనెక్కినప్పుడల్లా వాకిట్లో నిలబడి చూస్తారు కదా, ఆ కంటికి."

"చాల్లే, బాగానే పనిచేసింది," అన్నాను.

చాచాకు మా తగవు వినే తీరిక లేదు. దారాన్నీ మిరపకాయల్నీ లోయలోకి విసిరేసి, ఈ సంగతి మామా దగ్గర ఇద్దరూ నోరెత్తకూడదన్నాడు. కాలిన ఫ్యాన్ వైరు పీకేసి, కొత్త ఫ్యూజు పెట్టాడు. రెండో ఫ్యాన్ తిరిగింది. ఒక్కదానితో ఎత్తు ఎక్కాలంటే ఏసీ పనికిరాదు, పైగా హీటర్ వెయ్యాలన్నాడు. ఆ బండికి హీటర్ ఉందని నాకు ఆ రోజే తెలిసింది. ఒమాన్‌లో దాంతో ఎవరికి పని?

"ఇంజన్ సెగ కొంచెం లోపలికి లాక్కుంటాది," అన్నాడు. "ఇంజన్‌కి సుకూన్. మనకే నరకం. నేనెట్లా తోలాల్సిందే. ఇంకొకరు ఆ హల్వా పళ్లేలు ఒళ్లో పట్టుకోవాల, మలుపులుండాయి. ఎవురు కూర్చుంటారో తొందరగా తేల్చుకోండి."

తేల్చుకునేదేముంది. నేను పోయి ముందు తలుపు తీశాను. ఆమె అప్పటికే ఎక్కి కూర్చుని ఉంది.

"దిగమ్మే," అన్నాను. "నాకు అలవాటే."

"నేను దిగను."

"ఉడికిపోతావు. నీకు చేతగాదు."

"ఉడకనివ్వండి. మీరు ఉడికినన్నాళ్లూ మిమ్మల్ని ఎవరన్నా దిగమన్నారా?"

పళ్లేలు ఒళ్లోకి లాక్కుని తలుపు వేసుకుంది. నేను పోయి వెనక ఎక్కాను.

ఆ ఎత్తంతా అద్దంలోంచి చూశాను. ఆమె తలగుడ్డ తడిసి నెత్తికి అతుక్కుపోయింది. మెడ ఎర్రబడింది. చాచా ఒక చేత్తో నెత్తిన నీళ్లు పోసుకుని సీసా ఆమె వైపు వంచుతున్నాడు. ఆమె ఒళ్లోని పళ్లేలు వదలకుండా, గడ్డం ఎత్తి పోయించుకుంటోంది. వెనక నాకు ఎండగాలే అయినా గాలంటూ ఉంది. వాళ్ల కంటే నేనే సుఖంగా ఉన్నాను. ఇన్నాళ్లూ ఆ ఏసీ గాలి మీద కుళ్లుకుంటున్నాననుకున్నాను కదా, గాలి పోయింది. పాత పొయ్యే తిరిగి వచ్చింది. అయినా నా కడుపుమంట ఒక్క పిసరు తగ్గలేదు. అది నా సెగ. ఆ సెగలో కూర్చునే ధైర్యం నాకొక్కదానికే ఉందని పేరు. ఫంజా కూడా దాటనన్న మనిషి ఇప్పుడు ఆ పేరు కూడా ఎత్తుకుపోతోంది.

జొహర్ బాంగు వినిపిస్తుండగా నిజ్వాలో దిగాం. అన్నం పొగలు కక్కుతూనే ఉంది. మామా పరువు నిలిచింది. గోదావరామె తలుపు తీసుకుని దిగి, నాలుగడుగులు వేసి, పళ్లేలు ఒక పిల్ల చేతికిచ్చి గోడ పట్టుకుంది. పెళ్లివారి ఆడవాళ్లు చూసి పరుగెత్తుకొచ్చారు. మొహం కడిగారు, మజ్జిగ తాగించారు. తివాచీ మీద, పెళ్లికూతురి మేనత్తల పక్కన కూర్చోబెట్టి, దిండు ఆనించి, విసనకర్రతో విసిరారు. ఖావా పోశారు, ఖర్జూరాలు పెట్టారు. గరిటె నా చేతికి వచ్చింది.

నేను కోరుకున్నది అదే. పందిరంతా నేనే వడ్డించాను. నన్ను ఎరిగిన ఆడవాళ్లు ఇన్నాళ్లు ఎక్కడికి పోయావని అడిగారు, పిల్లలు కొంగు లాగారు. అయినా తిరిగి తిరిగి నా చూపు ఆ దిండు దగ్గరికే పోయేది. అన్నేళ్లు నేను ఉడికి దిగితే, మొహం కడుక్కోమని కొళాయి చూపించారు గాని తివాచీ మీద కూర్చోబెట్టినవాళ్లు లేరు. పెళ్లికూతురి మేనత్తలకు వడ్డిస్తూ ఆమె పళ్లెంలో కూడా నేనే వడ్డించాను. మంచి ముక్కలే వేశాను, అందరూ చూస్తున్నారు మరి.

అప్పుడే పక్కనున్న ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని కిందికి లాగి, చెవి దగ్గర ఒక మాట చెప్పింది. నేను తల ఊపి నవ్వాను. గోదావరామె ఖర్జూరం నోట్లో పెట్టుకోబోయి ఆగి, మా ఇద్దరినీ చూసింది.

తిరుగు ప్రయాణంలో ముందు సీటు మా ఇద్దరికీ దక్కలేదు. మామా పిన్ని ఒకామె మస్కట్ ఆసుపత్రికి రావాలని అందులో కూర్చుంది. మేమిద్దరం వెనక, ఖాళీ దేగిసాల మధ్య, ఎదురెదురుగా. దిగుడు దారి, పొద్దు వాలింది. ఫ్యాన్ ఒక్కటైనా ఇబ్బంది లేదు.

"మీకు తెలీదొదినా," అంది సగం దారిలో ఆమె. "ఘుబ్రాలోనూ అంతే, మొన్న సీబ్‌లోనూ అంతే. నేను గరిటె పట్టుకుని నిలబడతానా, ఇదివరకటామె ఏదీ అంటారు. నేను వడ్డిస్తుంటే మీ కోసం గుమ్మం వైపు చూస్తారు. నాకు ఒళ్లు మండిపోయేది."

ఆ మాట ఇంకోసారి అంటే వినాలని ఉంది గాని అడగలేను కదా.

"ఇవాళ ఆ ముసలావిడ మీ చెయ్యి పట్టుకుని చెవిలో ఏం చెప్పింది?"

"ఏదో చెప్పిందిలే."

"ఏం చెప్పిందో చెప్పొచ్చు కదా."

"అది నాతో చెప్పిన మాట," అన్నాను. "నీకెందుకు?"

ఆమె మొహం అటు తిప్పుకుంది. నేను దేగిసాకు ఆనుకుని కాళ్లు చాపుకున్నాను. నిజ్వా వదిలాక మొదటిసారి కొండలు చూశాను. బాగున్నాయి.

ఫ్యూజు పోయిందని చాచా మామాతో చెప్పాడు. కాలినదాని బదులు ఇంకో ఫ్యాన్ వేయించి, జాలీకి సన్నటి వల బిగించాడు. సీటు మామా ఒకసారి ఆమెకు, ఒకసారి నాకు ఇచ్చింది. ఎవరి వంతు వచ్చినా రెండోవాళ్లు వాకిట్లో నిలబడి చూసేవాళ్లం. గోదావరామె ఊరికి వెళ్లిపోయేదాకా, రసం పోపు పెడుతూ ఒకసారి, దేగిసా తోముతూ ఒకసారి ఆ ముసలావిడ ఏం చెప్పిందని అడిగేది. ఊరికి పోయేనాడు సామాను ఎక్కించాక కూడా అడిగింది. నేను చెప్పలేదు.

ఆ ముసలావిడ అన్నది, "కాలు తియ్యి, నా బట్ట తొక్కుతున్నావు" అని.